అద్దు బిడ్డా... నిషేధించడమైనది!

సిద్దిపేటలో పొద్దున నడకకు వచ్చేవాళ్లు కోమటి చెరువు నీళ్లు చూస్తారు, వేలాడే వంతెన మీద సెల్ఫీలు దిగే పిల్లల్ని చూస్తారు. నాకేమో బోర్డులు చదివే జబ్బు. ముప్పయ్యేళ్లు బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పగా పట్టుకున్న జబ్బు, రిటైరైనా వదల్లేదు. పాత బస్టాండు దగ్గర బయల్దేరి చెరువు కట్ట ఎక్కేలోపు నన్ను వద్దనే రాతలు ఎన్నున్నాయో ఒకరోజు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇరవై ఒకటి దాకా వచ్చి లెక్క తప్పాను. బండి పెట్టరాదు. చెత్త వేయరాదు. ప్రకటనలు అంటించరాదు. ఇతరులకు ప్రవేశము లేదు. పూలు కోయకండి. ఈత కొట్టుట నిషేధించబడినది. ఇవన్నీ దాటాక ఒక కిరాణా కొట్టులో, గల్లా వెనక, లక్ష్మీదేవి పటం కింద ‘అప్పు రేపు’. నా ఓటు దానికే. వద్దు అనే మాట వాడకుండా, ఏ చట్టమూ చూపకుండా, అడిగినవాడు కూడా నవ్వేలా కాదన్న వాక్యం అంతకంటే చిన్నది నాకింకా దొరకలేదు.

ఈ లెక్క వెనక ఒక పాత బాకీ ఉంది. పదో తరగతిలో ఒకనాడు ‘ప్రొహిబిట్’ అనే క్రియ చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచాడు. “సార్, ఫర్‌బిడ్ అన్నా వద్దనుడే, బ్యాన్ అన్నా వద్దనుడే, ప్రొహిబిట్ అన్నా వద్దనుడే. ఇంగ్లిషోళ్లకు గిన్ని వద్దులు ఎందుకు సార్?” క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, పరీక్షకు పనికొచ్చే జవాబు చెప్పి కూర్చోబెట్టాను. ఫర్‌బిడ్ తర్వాత ‘టు’ రావాలి, ప్రొహిబిట్ తర్వాత ‘ఫ్రమ్’ రావాలి, తప్పు రాస్తే అర మార్కు పోతుంది. వాడు అడిగింది అది కాదని నాకప్పుడే తెలుసు. గంట కొట్టారు, బతికిపోయాను.

ఇప్పుడు గంట కొట్టేవాళ్లు లేరు కాబట్టి, ఆ జవాబు మొదలుపెడతాను.

చేతిని అడ్డం పెట్టడం

ప్రొహిబిట్ లాటిన్ నుంచి వచ్చింది. ‘ప్రొ’ అంటే ముందు, ‘హబేరే’ అంటే పట్టుకోవడం. రెండూ కలిస్తే ‘ప్రొహిబేరే’: మనిషి ముందు ఏదో అడ్డంగా పట్టుకుని నిలవడం. టోల్‌గేటు కర్ర గుర్తుకు తెచ్చుకోండి. ఆ కర్రకు మీమీద కోపమూ లేదు, ప్రేమా లేదు. అందుకే ఇంగ్లిష్‌లో ఈ క్రియకు కర్తగా ఎక్కువగా కనిపించేవి చట్టం, ప్రభుత్వం, నిబంధన, సంస్థ. ఇంట్లో తల్లి బిడ్డతో ‘ఐ ప్రొహిబిట్ యూ’ అనదు. అంటే ఆ ఇంట్లో ఏదో తేడా ఉన్నట్టే.

ఫర్‌బిడ్ అట్లా కాదు. అందులో ఉన్న ‘బిడ్’ అంటే ఆజ్ఞాపించడం. నోరున్నవాడు, అధికారమున్నవాడు, ఎదురుగా నిలబడి వద్దని చెప్పడం. తండ్రి కొడుకును ఫర్‌బిడ్ చేస్తాడు, రాజు మంత్రిని చేస్తాడు. చివరికి దేవుణ్ణి కూడా ఈ క్రియలోకి లాగారు వాళ్లు. జరగరానిది తలచుకున్నప్పుడు దేవుడే అడ్డుపడాలని ‘గాడ్ ఫర్‌బిడ్’ అంటారు. అదే సందర్భంలో మా అమ్మమ్మ దేవుణ్ణి సాయం పిలిచేది కాదు, మా నోరు మూసేది. “తథాస్తు దేవతలుంటరు, గా మాట అనకురి.” మనవైపు నిషేధం జరగబోయేదానికి కాదు, మాటకు. పైన తిరిగే దేవతలు మంచీచెడూ చూడకుండా విన్నదానికల్లా సరేనంటారని భయం.

మూడోది బ్యాన్. దీని కథ నాకు అన్నింటికన్నా ఇష్టం. పాత ఇంగ్లిష్‌లో ‘బన్నన్’ అంటే వద్దనడం కాదు, చాటింపు వేయడం, జనాన్ని రమ్మని పిలవడం. చర్చిలో పెళ్లి ప్రకటన చదవడాన్ని ఇప్పటికీ ‘బ్యాన్స్’ అంటారు. చాటి చెప్పడం నుంచి చాటి వద్దనడానికి ఆ మాట జారిపోయింది. దీనికి నిఘంటువు అక్కర్లేదు, మన జిల్లాలో ఏదైనా ఊళ్లో ఒక సాయంత్రం ఉంటే చాలు. ఊరంతా కూర్చుని సారా, మందు అమ్మొద్దని తీర్మానం చేస్తారు. అమ్మితే ఇంత దండుగ, తాగి తిరిగితే ఇంత అని రాసుకుంటారు. ఆ తర్వాత డప్పు మోగుతుంది, వాడవాడకూ సాటింపు వేస్తారు. ఆ డప్పు మోగేదాకా బెల్టుషాపు ఆయన తొణకడు. కాగితం మీది తీర్మానానికి భయపడనివాడు సాటింపుకు భయపడతాడు. బ్యాన్ అనే మాట పుట్టిన చోటు అదే.

వద్దు అంటే ఏమిటి?

ఇక మన మాటలు. ఇక్కడే నాకు అసలు సరుకు దొరికింది.

‘వద్దు’ను విప్పి చూస్తే ‘వలదు’. ‘వలయు’ అంటే కావలసి ఉండటం. దాన్ని కాదంటే వలదు, అది నలిగి వద్దు, మావైపు ఇంకా నలిగి అద్దు. అంటే ‘కావాలి’కి ఎదురుమాట. “ఇంకో ముద్ద పెట్టనా?” అంటే పిల్లవాడు వద్దంటాడు. అదే పిల్లవాడు వాకిట్లో నుంచి రోడ్డు మీదికి ఉరికితే అమ్మ “అద్దు బిడ్డా, ఉరకద్దు” అంటుంది. తిరస్కరించడానికీ వారించడానికీ మనకు ఒకటే మాట. నాకు అక్కర్లేదు అనేదీ, నువ్వు చేయకు అనేదీ ఒకే కొమ్మకు కాశాయి. అందుకే వద్దు అన్నప్పుడల్లా అన్నవాళ్ల మనసు అందులో ఎంతోకొంత ఉంటుంది. నాకిది ఇష్టం లేదు, అందుకే చేయకు.

ఇంకో సంగతి. వద్దు కింది నుంచి పైకి కూడా పోతుంది. కూతురు తండ్రి చేయి పట్టుకుని “బాపూ, అద్దే, పోకే” అనగలదు. భార్య భర్తతో అంటుంది, పాలేరు పటేలుతో బతిమాలుతూ అంటాడు, మనవరాలు తాతతో బెదిరిస్తూ అంటుంది. ప్రొహిబిట్ అట్లా పైకి ఎక్కలేదు. కలెక్టరు మనల్ని ప్రొహిబిట్ చేయగలడు, మనం కలెక్టరును చేయలేం. ఆ వెనక బెంచీ పిల్లవాడికి నేను చెప్పవలసి ఉండింది ఇదేననుకుంటాను. వద్దులు ఎన్ని అని కాదురా, ఏ వద్దు ఎటు పారుతుందో చూడు.

‘కూడదు’ మరో రకం. కూడటం అంటే కలవడం, పొసగడం. కూడదు అంటే పొసగదు. ఇందులో చెప్పేవాడు కనిపించడు, లోకం తీరు మాట్లాడుతుంది. పొద్దుగూకినంక ఇల్లు ఊడవకూడదు, రాత్రిపూట గోళ్లు తీయకూడదు. ఎవరన్నారు? ఎవరో ఒకరు. ఎందుకు? కూడదు గనక. వాదించడానికి ఎదురుగా మనిషే ఉండడు. కూడదులన్నీ ఇంత అమాయకమైనవి కావు. బావి దగ్గరికి ఎవరు రాకూడదో, గుడి గడప ఎవరు తొక్కకూడదో, నెలలో ఆ మూడు రోజులు ఎవరు ఏది ముట్టకూడదో చెప్పిందీ ఈ మాటే. వాటికి ఎక్కడా బోర్డు లేదు. బోర్డు లేని నిషేధమే ఎక్కువ కాలం నిలిచింది.

‘రాదు’ మూడోది, కొంచెం హాస్యగాడు. రావడం లేకపోవడమే రాదు. చేయరాదు, తాగరాదు, అంటించరాదు. కానీ రాదు అంటే చేతకాదు అని కూడా. నాకు ఈత రాదు, ఆమెకు హిందీ రాదు. ఈ రెండర్థాల మధ్య మా క్లాసులో ఎన్ని పీరియడ్లు పోయాయో! ‘పొగ త్రాగరాదు’ అని చదివి, “పాపం, పొగకు తాగుడు రాదట సార్” అన్నవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం మీద కొత్త నియమాలు వచ్చినప్పుడు బోర్డు కొలతలు కూడా చట్టమే చెప్పింది. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. ఇక్కడ పొగతాగడం నేరం అని రాయమంది. రాదు అంటే మనవాళ్లు పలికే వెటకారం ఢిల్లీకి కూడా తెలిసిందేమో అని నా అనుమానం.

మా ఊరి పేరులో చుట్టం

‘నిషేధం’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘ని’ ఉపసర్గ, ‘సిధ్’ ధాతువు. సిధ్ అనగానే సిద్దిపేటవాడికి చెవులు నిక్కబొడుచుకోవాలి. పాణిని సంప్రదాయపు ధాతుపాఠంలో ఒకే రూపంతో కనిపించే సిధ్‌లు ఉన్నాయి. ఒకదానికి వెళ్లడమని అర్థం. దానికి ‘ని’ చేరితే తరిమేయడం, వారించడం. నిషేధం, నిషిద్ధం ఆ ఇంటివి. ఇంకొకదానికి నెరవేరడమని అర్థం. సిద్ధి, సిద్ధుడు, ప్రసిద్ధి ఆ ఇంటివి. కాబట్టి వద్దన్నదీ నెరవేరిందీ పలకడానికి ఒకే అక్షరాల్లో ఉంటాయి. మా ఊరి పేరులో ‘ధ’ వత్తు ఉండాలా వద్దా అని బోర్డులు రాసేవాళ్లు ఇప్పటికీ తలోరకంగా రాస్తారు. రెంటికీ అలవాటుపడ్డాం, ఎవరూ నిషేధించలేదు.

సంస్కృతంలో పుట్టినా నిషేధానికి తెలంగాణ పల్లెల్లో పెద్దగా చలామణీ లేదు. మా తాతల నాటి దఫ్తర్లలో మాట ‘మనా’. లోపలికి రావడం మనా హై, మాట్లాడటం మనా హై. నిజాం ప్రభుత్వం ఆ మాట మీద ఎంత నమ్మకం పెట్టుకుందంటే, ముందుగా అనుమతి లేకుండా సభలు పెట్టరాదని ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక ఉత్తర్వు ఉండేది. ఆ ఉత్తర్వు నీడలోనే 1930లో మన పాత మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. అంతకన్నా వింత 1938 సెప్టెంబరులో జరిగింది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ అనే సంస్థ ఇంకా పుట్టనే లేదు, పుట్టబోతోందని తెలిసి ముందే దాన్ని నిషేధించారు. కడుపులో ఉన్న బిడ్డకు బడి పేరు కొట్టేసినట్టు. ఆ నిషేధం 1946 దాకా తొలగలేదు. అదే 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నారు. పాడినవాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లలో పి.వి. నరసింహారావు అనే కుర్రాడు నాగపూర్ పోయి చదువుకున్నాడు. పాడొద్దన్నవాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

పుస్తకాల సంగతీ అంతే. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం ఒకసారి నిషేధించి, వదిలి, మళ్లీ నిషేధించి, మళ్లీ వదిలింది. వద్దన్న పుస్తకాన్ని వెతికి చదివే అలవాటు తెలుగువాడికి అప్పటిదే.

రాజ్యాంగంలో రెండు మాటలు

భారత రాజ్యాంగం ఇంగ్లిష్ ప్రతి తెరిస్తే ఒక చిన్న తేడా కనబడుతుంది. 17వ అధికరణంలో అంటరానితనం రద్దయింది, దాన్ని ఏ రూపంలో పాటించడమైనా ‘ఫర్‌బిడెన్’. 23వ అధికరణంలో మనుషుల అమ్మకం, వెట్టిచాకిరీ ‘ప్రొహిబిటెడ్’. వెట్టికి అక్కడ వాడిన మాట ‘బేగార్’, మన ప్రాంతపు ఉర్దూ దఫ్తర్లన్నిటికీ తెలిసిన మాట. తెలుగులో రెంటినీ నిషేధం అనే అంటాం. కానీ అంటరానితనం విషయంలో మాత్రం రాజ్యాంగం రాసినవాళ్లు నోరున్న క్రియ ఎంచుకున్నారనిపిస్తుంది. టోల్‌గేటు కర్ర చాలదనుకున్నారేమో. కావాలనే చేశారో లేదో నేను ప్రమాణం చేయలేను గానీ, పాఠం చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర ఆగకుండా ఏనాడూ ముందుకు పోలేదు.

చట్టాల పేర్లలోనూ ఇలాంటి జరుగుబాట్లు ఉన్నాయి. బాల్య వివాహాల మీద 1929లో వచ్చిన శారదా చట్టం పేరులో ఉన్నది ‘రిస్ట్రెయింట్’, అంటే ఆపి పట్టుకోవడం. 2006లో కొత్త చట్టం వచ్చేసరికి అది ‘ప్రొహిబిషన్’ అయింది. నిరోధక చట్టం నిషేధ చట్టంగా మారడానికి 77 ఏళ్లు పట్టింది. బాలకార్మికుల చట్టం 1986లో పుట్టినప్పటి నుంచీ రెండు కాళ్ల మీద నిలబడింది: నిషేధం, నియంత్రణ. కొన్ని పనులు పూర్తిగా వద్దు, కొన్ని షరతుల మీద సరే. 2016 సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నిషేధం అయింది, సొంత ఇంటి పని, కుటుంబ వ్యాపారం లాంటి మినహాయింపులు మిగిలాయి. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. దాని గురించి ఎక్కువ చెప్పను. మొన్న ఒక పెళ్లి మాటల్లో పెద్దమనిషి ఒకాయన, “కట్నం అసలే మాట్లాడద్దు, నిషేధం. మర్యాదలు ఏమిస్తరో చెప్పురి” అన్నాడు.

నిషేధాజ్ఞలు అనే మాటకు మా జిల్లాలో పూర్తిపేరుతో పనిలేదు, 144 అనే నంబరు చాలు. “ఫార్టీఫోర్ పెట్టిండ్రు” అనేస్తారు, వందను కూడా మింగేసి. 2024 జులై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్. పరీక్షా కేంద్రాల ముందు బోర్డుల మీద నంబరు మారింది, నోళ్లలో మారలేదు. 2009 నవంబరు 29న మా ఊరి రంగధాంపల్లిలో ప్రత్యేక తెలంగాణ కోసం దీక్షకు కూర్చుంటానని కె. చంద్రశేఖరరావు కరీంనగర్ నుంచి బయల్దేరితే పోలీసులు అలుగునూరు దగ్గరే ఆపి ఖమ్మం తీసుకుపోయారు. దీక్ష జరగకూడదనుకున్న చోట జరగలేదు, నిజమే. ఖమ్మంలో మొదలై నిమ్స్‌కు చేరి, పదకొండో రోజున ఢిల్లీ నుంచి అర్ధరాత్రి ప్రకటన వచ్చేదాకా పోయింది. ఆ ఏళ్లలో మా పిల్లలకు బాగా వచ్చిన మాట ‘బంద్’. 1997లో కేరళ హైకోర్టు బంద్‌లే చెల్లవంది, సుప్రీంకోర్టు సరేనంది. బంద్‌ను బంద్ పెట్టడం ఎట్లాగో మాత్రం మాకు ఎవరూ చూపించలేదు.

పేరులో మిగిలిన ప్రొహిబిషన్

ఈ క్రియకు తెలుగునాట అసలైన పరీక్ష మందు దగ్గర జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే లోకానికి తెలిసింది. దీనికి ముందు అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం వెలిగించిన రాత్రి బడులున్నాయి. వాచకంలో ఒక పాఠంలో తాగుడు వల్ల చితికిన కాపురం కథ, ఊరి ఆడవాళ్లు కలిసి దుకాణం మూయించిన కథ ఉంది. నలభై ఏళ్ల వయసులో పలక పట్టుకున్నవాళ్లు చదివిన కథ అట్లాగే చేసి చూశారు. నేను చెప్పిన ఇంగ్లిష్ పాఠాలకు అలాంటి ఫలితం ఏనాడూ రాలేదని ఒప్పుకుంటున్నాను.

వాళ్లు అన్నది వద్దు. మొగుడితో, కాంట్రాక్టరుతో, పోలీసుతో, చివరికి హైదరాబాదుతో. కింది నుంచి పైకి పారిన వద్దు అది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం రోజునే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి నుంచి వద్దు పోయి ప్రొహిబిషన్ మొదలైంది. ఎక్సైజు జీపులు, సరిహద్దుల్లో తనిఖీలు, పర్మిట్లు, పక్క రాష్ట్రాల సీసాలు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎత్తేసింది. అమెరికాలోనూ 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా ఇదే జరిగింది. అక్కడి సవరణ కూడా తయారీ, అమ్మకం, రవాణాలను వద్దంది గానీ తాగడాన్ని వద్దనలేదు.

ఎత్తేసిన తర్వాత ఒక్కటి మిగిలింది, ఆఫీసు పేరు. తెలంగాణలో ఇవాళ మద్యం దుకాణాలకు లైసెన్సులిచ్చి, లాటరీ తీసి, ఖజానాకు వేల కోట్లు చేర్చే శాఖ పేరు ‘ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్’. ఇంగ్లిష్ క్రియలకు ఇంతకన్నా ఓపిక కావలసిన ఉద్యోగం ఎక్కడా దొరికి ఉండదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి రాజ్యం ప్రయత్నించాలంటుంది కాబట్టి పేరు తీసేయడానికి ఎవరికీ మనసొప్పదు, పాటించడానికి బడ్జెట్ ఒప్పదు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి మాత్రం 1980ల నుంచే మందు లేకుండా బతుకుతోంది. అక్కడ శాఖ ఏమీ లేదు.

ఏడాదికోసారి కొత్తగా పుట్టే నిషేధాలూ ఉన్నాయి. ఆహార భద్రత చట్టం ప్రకారం ఆహార భద్రత కమిషనరు ఒక పదార్థాన్ని ఏడాదికి మించకుండా నిషేధించవచ్చు. అందుకే గుట్కా నిషేధం ప్రతి ఏడూ పుట్టినరోజు జరుపుకుంటుంది. 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ఇట్లాగే ఏడాదిపాటు వద్దంది. ఆ వారం ముస్తాబాద్ చౌరస్తా వైపు ఒక మోమోల బండి దగ్గర నిలబడ్డాను. గిన్నె అదే, చెంచా అదే, తెల్లదనం అదే. కొత్తగా వచ్చింది అట్టముక్క మీద మార్కర్‌తో రాసిన ఒక్క మాట, ‘ఎగ్‌లెస్’. “ఏంది తమ్మీ, మారిందా?” అన్నాను. “బోర్డు మారింది సార్” అన్నాడు. మోసమూ కాదు, ఒప్పుకోలూ కాదు. నేను చట్నీతో తిన్నాను.

స్టీలు పళ్లెం

ప్లాస్టిక్ దగ్గరకొస్తే లెక్కలు ఇంకా సన్నబడతాయి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, చెవిపుల్లలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర లాంటివన్నీ దేశమంతా నిషేధం. చేతిసంచి మాత్రం మందాన్ని బట్టి. 75 మైక్రాన్లు అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. 120 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకు కొంచెం తక్కువ. కూరగాయల మార్కెట్టులో వంకాయలు తూచే అవ్వ దీన్ని దేంతో కొలవాలి? నేనడిగితే, “కొలుసుడు ఎందుకు బిడ్డా, సంచి తెచ్చుకో” అంది. ఇంట్లో గోడకు వేలాడే సంచి మర్చిపోయినవాణ్ణి నేను, చట్టం తెలియనిది ఆమె.

మా ఊళ్లో ఒక మంచి పని జరిగింది, చెప్పుకోవాలి. మున్సిపాలిటీలో స్టీలు బ్యాంకు పెట్టారు. మంత్రిగా ఉన్న రోజుల్లో తన్నీరు హరీశ్‌రావు దీనికి బాగా ప్రచారం తెచ్చారు. ఇంట్లో దావత్ అయితే ప్లాస్టిక్ పళ్లాలు కొనే బదులు అక్కడి నుంచి స్టీలు పళ్లాలు, గ్లాసులు తెచ్చుకోవాలి, వాడుకుని కడిగి తిరిగివ్వాలి. మా చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షన్‌కు తెచ్చారు. మర్నాడు వాపసు ఇవ్వడానికి ఆటోలో పోతూ నన్నూ ఎక్కించుకున్నారు. లెక్క చూసే అక్క ఒక్కొక్క పళ్లెం తీసి, వెనకవైపు బొటనవేలుతో రుద్ది, వెలుగుకు పట్టి చూసి పక్కన పేర్చింది. ఒక పళ్లెం దగ్గర ఆగింది. అంచున పసుపు మరక. ఏమీ అనలేదు. పళ్లెం తిరిగి మా చేతిలో పెట్టి కుళాయి వైపు చూసింది. మా బావమరిది, జిల్లాలో నలుగురికి తెలిసిన మనిషి, చొక్కా చేతులు మడుచుకుని పోయి కడుక్కొచ్చాడు.

అక్కడ గోడ మీద నిషేధం అనే మాట ఉందేమో నేను చూడలేదు. బోర్డులు చదివే జబ్బున్న నేను చూడలేదంటే చూసుకోండి.

నిషేధించబడినది అన్న వాక్యంలో నాకు నచ్చనిదేమిటో ఆ అక్కను చూశాకే పట్టుబడింది. ‘బడు’తో చేసే కర్మణి వాక్యం తెలుగు నోటికి అలవాటు లేదు. నాకు అన్నం పెట్టబడింది అని ఎవరమైనా అంటామా? కోర్టు తర్జుమాల్లోంచి, గెజిట్లలోంచి దిగిన వాక్యమది. అందులో వద్దన్నవాడు మాయమైపోతాడు. ఎవరు నిషేధించారు? తెలియదు. ఎవరితో మాట్లాడాలి? తెలియదు. మరక కనబడితే కుళాయి వైపు చూసేవాళ్లు ఎవరు? ఆ వాక్యంలో ఎవరూ లేరు.

ప్రొహిబిట్‌కు ఇంకో అర్థం ఉంది, దాన్ని క్లాసులో చివర్లో చెప్పేవాణ్ణి. ధర మరీ ఎక్కువైతే దాన్ని ‘ప్రొహిబిటివ్’ అంటారు. ఎవరూ వద్దనరు, ధరే అడ్డం నిలుస్తుంది. సిద్దిపేట గొల్లభామ చీర ఉదాహరణ ఇచ్చేవాణ్ణి, తలమీద కుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మ ఒక్కొక్కటీ మగ్గం మీద చేత్తో ఎక్కించే చీర. ఒకమ్మాయి లేచి, “మా అమ్మ నేస్తది సార్, మేం కట్టుకోం” అంది. బోర్డు మీద సుద్దతో రాసిన మాటను తుడిచి వేరే ఉదాహరణ వెతుక్కున్నాను.

మొన్న మళ్లీ అదే దారిలో నడిచాను, ఈసారి లెక్కపెట్టలేదు. బస్టాండు దాటాక ఒక ప్రహరీ గోడ ఉంది. నీలం రంగులో నిలువెత్తు అక్షరాలతో ‘ఈ గోడపై ప్రకటనలు అంటించరాదు’ అని రాయించారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పటి రాత అది. ఇప్పుడు దానిమీద కోచింగ్ సెంటర్లు, పైల్స్ వైద్యం, బోరు మోటార్లు, ఒక దినం కార్డు పెద్దది, ఎన్నికల నాటి చేతులు జోడించిన ముఖాలు ఒకదాని మీద ఒకటి అతికి ఉన్నాయి. ఒక పోస్టరుకూ ఇంకో పోస్టరుకూ మధ్య జానెడు సందు మిగిలింది. ఆ సందులో నీలం రంగు అక్షరం ఒక్కటే కనిపిస్తోంది.

‘రా’.